అటక మీది ఫర్నెస్‌కి గది కట్టొచ్చా?

విజయనగరం నుంచి ఒక పెద్దాయన తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. అందులో రెండు పేజీలు స్కేలు పెట్టి గీసిన బొమ్మలే. ఆయనకి 64 ఏళ్లు, జిల్లాలోనే ఒక జూట్ మిల్లులో ముప్పై ఏళ్లకి పైగా బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యారు. కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు, కోడలికీ అక్కడే ఉద్యోగం, మూడేళ్ల మనవరాలు. కిందటి నవంబర్‌లో భార్యాభర్తలిద్దరూ వెళ్లి మే దాకా ఉండి వచ్చారు. కొడుకుది రెండంతస్తుల ఇల్లు. కింది అంతస్తుకి వేడిగాలి పంపే ఫర్నెస్ బేస్‌మెంట్‌లో ఉంది, పై అంతస్తుకి ఇంకోటి అటక మీద ఉంది. జనవరిలో పై గదులు ఎంతకీ వెచ్చబడవు, మనవరాలు పడుకునే మూల గది మరీ అన్యాయం. ఒకరోజు ఈయన టార్చి పట్టుకుని అటకెక్కి చూశారు. "ఊపిరి వదిలితే పొగ కనిపిస్తోంది, ఆ చలిలో ఫర్నెస్ ఒక్కటీ కూర్చుని ఉంది, వేడి పుట్టించే మెషీన్‌ని తీసుకెళ్లి ఐసుపెట్టెలో పెట్టారండీ వీళ్లు" అని రాశారు.

దాని చుట్టూ 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తులో ప్లైవుడ్‌తో చిన్న గది కట్టి, లోపల థర్మోకోల్ లాంటి ఫోమ్ షీట్లు అంటించి, సందులన్నీ స్ప్రే ఫోమ్‌తో మూసేద్దామన్నది ఆయన ప్లాను. కొడుకు సరేనన్నాడు, సామానూ తెచ్చాడు. మూడు వైపులా చెక్క లేచింది, నాలుగో వైపు ఆ రాత్రికి ప్లాస్టిక్ పట్టా కట్టి దిగారు. రెండు రోజులకి కోడలు మెకానిక్‌ని పిలిపించింది, అతను చూసి ముందు ఇదంతా పీకెయ్యండి అన్నాడు. ఇంట్లో గొడవ. "నాన్నా, ఇది మీ మిల్లు కాదు, ఇక్కడ రూల్స్ వేరు" అని కొడుకే అన్నాడట. పీకేశారు. ప్లైవుడ్ ఇంకా గ్యారేజీలో ఉంది. ఇప్పుడు సిరిమాను పండగ చూసుకుని మళ్లీ బయల్దేరుతున్నారు. కొడుకు ఫోన్లో "ఈసారి జాగ్రత్తగా చేద్దాంలే నాన్నా, తనకి నేను చెప్తాను" అంటున్నాడు. కోడలు మాత్రం "బాగున్నారా మావయ్య గారూ" అని ఒక్క మాట అడిగి ఫోను అత్తగారికి ఇచ్చేస్తుంది. భార్యేమో, మనవరాల్ని ఆడించుకుని రాకుండా మనకెందుకీ పనులు అంటున్నారు. "చేస్తే కోడలికి కోపం, మానేస్తే నాకు చేతకాదని నేనే ఒప్పుకున్నట్టు. ఏం చెయ్యమంటారు?" అన్నది ఆయన ప్రశ్న.

అన్నగారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి ఎనిమిదో పేజీ ఒక్కటే చదివాను, ఎందుకో చివర్లో చెప్తాను. బొమ్మలు చాలా బాగా గీశారు. మా తమ్ముడు ఒకడు ఆ దేశంలో ఇళ్లకి ఏసీలు, హీటర్లు బిగించే పనిలో ఉన్నాడు, మీ బొమ్మలు ఫోన్లో వాడికి చూపిస్తే ఈయన్ని నా దగ్గరికి పంపించు అన్నాడు. కాబట్టి పనితనం గురించి మీకు ఎలాంటి బెంగా అక్కర్లేదు.

ఈ శీర్షిక చదివేవాళ్లలో చాలామందికి ఫర్నెస్ అంటే గరివిడి వైపు లోహాలు కరిగించే కొలిమి గుర్తొస్తుంది, అటక అంటే ఇత్తడి బిందెలూ పచ్చడి జాడీలూ గుర్తొస్తాయి, ఈ రెండూ ఒకచోట ఎలా ఉంటాయా అనుకుంటారు. అక్కడి అటక అంటే పైకప్పు కింద మనిషి ఎక్కి తిరిగేంత ఖాళీ చోటు. అక్కడి ఇంటి ఫర్నెస్ అంటే ఒక పెద్ద రేకు పెట్టె. లోపల గ్యాస్ మండుతుంది, ఆ వేడి ఒక రేకు గోడకి తగులుతుంది, గోడకి ఇవతల ఫ్యాను గాలిని తోస్తుంది, వేడెక్కిన గాలి డక్టుల్లోంచి, అంటే గాలి గొట్టాల్లోంచి, గదుల్లోకి వెళ్తుంది. మండిన గ్యాస్ తాలూకు పొగ మాత్రం వేరే గొట్టంలోంచి ఇంటి బయటికి పోవాలి. మీకు ఇది చెప్పక్కర్లేదు, బాయిలర్‌లో నీళ్ల బదులు గాలి ఉందనుకుంటే సరిపోయె.

మీ అనుమానం తప్పు కాదు, అది ముందు చెప్పాలి. చల్లటి అటకలో పెట్టిన ఫర్నెస్ వేడి పోగొట్టుకుంటుంది, డక్టులు ఇంకా పోగొట్టుకుంటాయి. అలా పోయిన వేడే పైకప్పు మీది మంచుని కరిగించి, ఆ నీళ్లు చూరు దగ్గర మళ్లీ గడ్డకట్టి, ఇంట్లోకి కారడం కూడా అక్కడ మామూలే. ఇవన్నీ ఆలోచించకుండా మీ అబ్బాయి ఇల్లు కట్టినవాళ్లు దాన్ని అటక మీద ఎందుకు పెట్టారంటే, కింద ఒక గది మిగులుతుందని. అంతకి మించి అందులో పెద్ద ఇంజనీరింగేం లేదు. అలాంటి ఫర్నెస్ చుట్టూ గది కట్టడం మీ ఒక్కరికే వచ్చిన వింత ఆలోచన కూడా కాదు, అక్కడ చేసేవాళ్లు చేస్తూనే ఉంటారు.

అయితే మీ బొమ్మలో నా కళ్లు ఒకచోట ఆగాయి. ఫర్నెస్ నెత్తి మీంచి కప్పులోకి పోయే గొట్టానికి మీరు "రేకు గొట్టం" అని రాశారు. కింద బర్నర్ల దగ్గర గాలికోసం ఉన్న చీలికలు కూడా గీశారు. మొత్తం సంగతి అక్కడే ఉంది. ఆ ఫర్నెస్‌లు ముఖ్యంగా రెండు రకాలు. కొత్త రకానికి ప్లాస్టిక్ గొట్టాలుంటాయి. మంచిగా బిగిస్తే ఒక గొట్టంలో బయటి గాలి నేరుగా బర్నర్‌కి వస్తుంది, ఇంకో గొట్టంలో పొగ పోతుంది, అంటే ఆ మెషీన్ తను ఉన్న గదిలోంచి గాలి తీసుకోదు. పొగలోని వేడిని కూడా పిండుకుంటుంది కాబట్టి నూటికి తొంభై పైన వేడి ఇంట్లోకి వస్తుంది, పొగ చల్లబడి నీళ్లు కారతాయి, ఆ నీళ్లు చలికి గడ్డకడితే మెషీన్ ఆగిపోతుంది. ఆ రకానికి చలిగా ఉండే అటకలో వెచ్చటి గూడు నిజంగా అవసరం. మీ అబ్బాయి ఇంట్లోది పాత రకం, నూటికి 80 వంతులు వేడి ఇచ్చేది, రేకు గొట్టం పెట్టేది అందుకే, పొగ వేడిగా పోతుంది కనక. అది మండటానికి కావాల్సిన గాలి తన చుట్టూ ఉన్న అటకలోంచే పీల్చుకుంటుంది.

మీరు కట్టిన గది అదే గాలిని ఆపేస్తుంది.

మీరు మెషీన్ ప్లేటు మీంచి ఎత్తి రాసిన లెక్కే తీసుకుందాం, గంటకి 80,000 బీటీయూ (బీటీయూ అంటే వేడిని కొలిచే కొలత). అక్కడి గ్యాస్ నిబంధనల్లో మామూలు లెక్క ప్రకారం, బయటి గాలి ఏర్పాటు లేకుండా లోపలి గాలితోనే మండాలంటే ప్రతి వెయ్యి బీటీయూకి 50 ఘనపుటడుగుల చోటు ఉండాలి. అంటే మీ ఫర్నెస్‌కి 4,000. మీ గది 8 ఇంటూ 5 ఇంటూ 5, అంటే 200. అందులో కొంత చోట మెషీనే కూర్చుంది. సందులన్నీ ఫోమ్‌తో మూశాక ఇంకేం మిగిలింది? మీ మిల్లులో ఎవరైనా కుర్రాడు వచ్చి, వేడి బయటికి పోతోంది సార్ అని బాయిలర్ గాలి డ్యాంపర్ మూసేస్తే మీరు వాణ్ని ఏమనేవారో నేను ఊహించగలను, పత్రికలో రాయలేను.

గాలి చాలకపోతే మంట సరిగా మండదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట ఆక్సిజన్ కన్నా 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. మా చిన్నప్పుడు శ్రీకాకుళం దగ్గర మా ఊళ్లో బాలింత గదిలో నిప్పుల కుంపటి పెట్టి, గాలి తగలకూడదని కిటికీల సందుల్లో గుడ్డలు కుక్కేవారు. తెల్లారేసరికి మా పిన్నికి తలపోటు, వాంతులు. దిష్టి తగిలిందని ఉప్పు, మిరపకాయలు తిప్పి అదే కుంపట్లో వేసేవాళ్లు, తలుపు మాత్రం తీసేవాళ్లు కాదు. ఒకరోజు నీళ్లు తెచ్చే ఆవిడ తలుపు తెరిచి వదిలేసింది, ఆ రోజు పిన్ని లేచి కూర్చుంది. అది కుంపటి పనని మాకు తెలియడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

ఇంకో చిక్కు కూడా ఉంది, ఇది మీకు తొందరగా అర్థమవుతుంది. గదుల్లోంచి చల్లగాలిని వెనక్కి లాగే డక్టు ఉంటుంది కదా, దానికి మీ గది లోపల ఎక్కడైనా చిల్లు ఉందనుకోండి, ఫ్యాను తిరిగినప్పుడల్లా ఆ చిన్న గదిలో గాలి లాగేస్తుంది. లోపల ఒత్తిడి తగ్గితే పొగ గొట్టంలో పైకి పోవాల్సింది కిందికి రావచ్చు, వచ్చింది నేరుగా ఆ చిల్లులోంచి పడకగదుల్లోకి వెళ్తుంది. పెద్ద అటకలో ఈ చిల్లు వల్ల కరెంటూ గ్యాసూ దండగ, అంతే. చిన్న గదిలో అదే చిల్లు ప్రాణం మీదికి వస్తుంది.

అందుకని మానెయ్యండి అంటున్నానా? అనడం లేదు, దారులున్నాయి, ఒక్కో దారికి ఒక్కో ఖర్చుంది, అది చూసి మీ ఇంటివాళ్లందరూ కలిసి తేల్చుకోండి.

గదే కావాలంటే గాలి దారులు పెట్టి కట్టొచ్చు. పైన ఒకటి, కింద ఒకటి, రెండు కంతలు, బయటి గాలి వచ్చేలా. 80,000 బీటీయూకి ఒక్కో కంత కనీసం 20 చదరపు అంగుళాలు ఖాళీగా ఉండాలి, జాలీ పెడితే దాని తీగలు ఆక్రమించే చోటు కూడా తీసేసి లెక్కపెట్టాలి. థర్మోకోల్ అలా బోసిగా వదలకూడదు, అంటుకుంటే ఆపలేం. దాని మీద అర అంగుళం జిప్సం బోర్డు వెయ్యాలి, లేదా ఆ షీట్లే మానేసి రాక్ వూల్, అంటే రాతితో చేసిన మండని దూది లాంటిది, వాడాలి. స్టీము పైపులకి లాగింగ్ (వేడి పోకుండా చుట్టే పొర) చేసిన మీకు రాక్ వూల్ గురించి నేను చెప్పడం తాతకి దగ్గులు నేర్పినట్టే. వేడి గొట్టానికి చెక్క ఎంత దూరంలో ఉండాలో మెషీన్ మీదా గొట్టం మీదా రాసి ఉంటుంది, అంతకి ఒక్క అంగుళం తగ్గకూడదు. మెకానిక్ కూర్చుని పని చేసుకోవడానికి ముందు 30 అంగుళాల చోటు వదలాలి, రేపు మెషీన్ మార్చాలంటే బయటికి రావాలి కూడా. మీ బొమ్మలో తలుపు 18 అంగుళాలే ఉంది, మీరు దూరగలరేమో, ఫర్నెస్ దూరదు. పైగా ఊరి బిల్డింగ్ ఆఫీసు వాళ్లని అడిగి, పర్మిషన్ కావాలంటే తీసుకుని, వాళ్లు చూశాక మూయాలి. ఇవన్నీ చేసినా దక్కేది తక్కువ, ఎందుకంటే ఆ రెండు కంతల్లోంచీ చలి తిన్నగా లోపలికి వస్తుంది. వెచ్చగా ఉండాలంటే మూయాలి, మండాలంటే తెరవాలి. ఈ రకం మెషీన్‌తో ఆ తగువు తెగదు. నా మట్టుకు నాకు ఇది బోలెడు చాకిరీ, పిడికెడు లాభం అనిపిస్తోంది. అయినా చేస్తానంటే తప్పు కాదు, ఈ కొలతల్లో దేనికీ మినహాయింపు లేదని తెలిసి చెయ్యండి.

రెండోది, గది సంగతి వదిలేసి డక్టులు పట్టుకోవడం. నాకు ఇది నచ్చింది. మామూలు ఇళ్లలో డక్టుల్లో వెళ్లే గాలిలో 20 నుంచి 30 శాతం చిల్లుల్లోంచీ సరిగా కలవని అతుకుల్లోంచీ కారిపోతుందని ఎనర్జీ స్టార్ అనే అక్కడి ప్రభుత్వ విద్యుత్ పొదుపు కార్యక్రమం వాళ్లు చెబుతారు. మీరు అటకలో ఫర్నెస్‌నే చూస్తూ కూర్చున్నారు గానీ, దానికి రెండు పక్కలా కాళ్లలా వెళ్లిన డక్టుల మీద చెయ్యి పెట్టి చూసినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. పాప గది మూలగది అన్నారు, అంటే దాని డక్టే అన్నిటికన్నా పొడుగు అయ్యుంటుంది. మధ్యలో ఎవరో తొక్కి నలిగిందో, అతుకు ఊడి అటకకి వేడి పంచుతోందో ఎవరికి తెలుసు? వెళ్లగానే ఒక పని చెయ్యండి, ఫ్యాను తిరిగేటప్పుడు ప్రతి గదిలో గాలి వచ్చే జాలీ దగ్గర పలచటి కాగితం ముక్క పట్టుకోండి, ఏ గదిలో ఎంత రెపరెపలాడిందో రాసుకోండి. పాప గదిలో కాగితం కదలకపోతే ఫర్నెస్‌కి బంగారు గది కట్టించినా ఆ పిల్లకి చలి తగ్గదు. అతుకులకి మ్యాస్టిక్ అని చిక్కటి పేస్టు దొరుకుతుంది, బ్రష్‌తో పూయడమే. డక్ట్ టేప్ అనే గుడ్డ టేపు మాత్రం పేరు చూసి కొనకండి, వేడికి కొన్నాళ్లకే ఊడి వేలాడుతుంది. అటక గచ్చు మీద చలి ఆపడానికి పరిచిన దూది లాంటి పొర పలచబడిన చోట్ల నింపడం, అటక మూతకి వెచ్చటి తొడుగు చెయ్యడం, ఇవన్నీ ఈ పనిలోకే వస్తాయి. ఖర్చు కొద్దిగా, కోడలు భయపడాల్సిందేమీ లేదు, పాప గదిలో తేడా వారంలో తెలుస్తుంది.

మూడోది ఆగడం. ఆ ఫర్నెస్‌కి 17 ఏళ్లన్నారు. సాధారణంగా అవి పదిహేను, ఇరవై ఏళ్లు వస్తాయి, అంటే ఎలాగూ పోయేదే. పోయినప్పుడు మీ అబ్బాయి ప్లాస్టిక్ గొట్టాల రకం, బయటి గాలితో మండేది పెట్టిస్తే అప్పుడు మీ గదికి అర్థం ఉంటుంది, నీళ్లు గడ్డకట్టకుండా కాపాడేది అదే. బిగించేవాళ్లతోనే ముందు మాట్లాడి గది కొలతలు తేల్చుకోవచ్చు, గ్యారేజీలో ప్లైవుడ్ దండగ కాదు. కప్పు వాలుకే ఫోమ్ కొట్టించి అటక మొత్తాన్ని ఇంట్లో కలిపేసుకునే పద్ధతి కూడా ఉంది, అది డబ్బున్నప్పటి మాట, దానికీ గాలి బయట్నుంచి తీసుకునే మెషీనే కావాలి.

ఏది చేసినా అటకలో మీరొక్కరే ఎక్కకండి. దూలాల మధ్య ఉండేది అర అంగుళం జిప్సం బోర్డు, దూది కింద కనబడదు, కాలు పెడితే తిన్నగా కింది గదిలో పడతారు. ప్రయాణానికి తీసుకున్న ఇన్సూరెన్స్ ఎముకలకి ఎంత ఇస్తుందో కాగితాలు తీసి చదువుకోండి. నాకు మీ పనితనం మీద నమ్మకం ఉంది, 64 ఏళ్ల మోకాళ్ల మీద అంత లేదు.

ఇక ఇంటి సంగతి. మీ ఉత్తరంలో కోడలి మీద కోపం నాలుగు పేజీలుంది. "ఇది మీ మిల్లు కాదు" అన్న మాట మాత్రం కోడలిది కాదు, మీ అబ్బాయిది. ఆ మాట మిమ్మల్ని ఎక్కడ కోసిందో నాకు తెలుస్తోంది, ముప్పై ఏళ్లు ఆ మిల్లే మీ పేరు. కొడుకుని ఏమీ అనలేక ఆ కోపమంతా కోడలి ఖాతాలో రాశారు. ఆవిడ మీతో గట్టిగా మాట్లాడినట్టు తొమ్మిది పేజీల్లో ఒక్క వాక్యం లేదు, మెకానిక్‌ని పిలిచింది, అంతే. ఇంటి మీద అప్పు ఇద్దరూ కడుతున్నారు, రేపేదైనా అయితే ఇన్సూరెన్స్ వాళ్లు పర్మిషన్ ఏదని ఇద్దర్నీ అడుగుతారు.

ఎనిమిదో పేజీ అన్నాను కదా. చివరి నుంచి మూడో లైనులో, ఏదో గుర్తొచ్చి రాసినట్టు రాశారు: "పట్టా కట్టిన రాత్రి మేడ మీద అలారం కూసింది, బ్యాటరీ అయిపోయుంటుందని అబ్బాయి తీసేశాడు, కోడలు పాపని ఎత్తుకుని కిందికి దిగి హాల్లో పడుకుంది." మీరు దాన్ని కోడలి రాద్ధాంతం కింద రాశారు. నేను ఆ లైను కోసమే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను. కార్బన్ మోనాక్సైడ్ వస్తే హెచ్చరించే అలారానికి రెండు రకాల కూతలుంటాయి. బ్యాటరీ అయిపోతే నిమిషానికో అరనిమిషానికో ఒక్కసారి కిచ్‌మంటుంది. కార్బన్ మోనాక్సైడ్ పసిగడితే గబగబా నాలుగుసార్లు కూసి, కాస్త ఆగి, మళ్లీ నాలుగుసార్లు కూస్తుంది. ఆ రాత్రి ఎలా కూసిందో మీరు రాయలేదు. మీకు గుర్తుండకపోవచ్చు. ఆవిడకి గుర్తుండే ఉంటుంది.

ఇది మిమ్మల్ని నేరస్థుణ్ని చెయ్యడానికి అనడం లేదు. అది బ్యాటరీయే కావచ్చు. కానీ ఆవిడ మీ చేతిపని చూసి భయపడిందా, ఆ కూత విని భయపడిందా అన్నది తేలకుండా అబ్బాయి "తనకి నేను చెప్తాను" అంటే అతను చెప్పేదేమిటి? మీరు దిగాక, సామాను కొన్నాక, ఒకరోజు ఆవిడ ఆఫీసు నుంచి వచ్చి చూస్తుంది. మళ్లీ ఆవిడే వద్దనాలి, మళ్లీ ఆవిడే చెడ్డది అవుతుంది. ఈ దారిలో వెళ్తే గది లేచినా లేవకపోయినా ఫోను అత్తగారి చేతికే పోతుంది. అలా కాకుండా మీరే ఆవిణ్ని అడగొచ్చు. క్షమాపణ అక్కర్లేదు, "అమ్మా, ఆ రాత్రి అలారం ఎలా కూసింది?" అని అడిగితే చాలు. నాలుగు కూతలని ఆవిడ చెబితే మీకు కష్టంగానే ఉంటుంది. కానీ ఆ తర్వాత ఆ అటక గురించి ఆవిడ మాట్లాడే మొదటి మనిషి మీరే అవుతారు. ఏమీ అడగకుండా, మీ ఆవిడ చెప్పినట్టు మనవరాల్ని ఆడించి వచ్చెయ్యడం కూడా దారే, అందులో గొడవ ఉండదు, ఆ గది చలి మాత్రం అలాగే ఉంటుంది.

ఒకటి మాత్రం ప్రయాణం దాకా ఆగకండి. తీసేసిన అలారం తిరిగి పెట్టారా అని ఇవాళే అడగండి. వాటికీ గడువు తేదీ ఉంటుంది, వెనక రాసి ఉంటుంది, దాటిపోతే కొత్తది కొనమనండి. పడకగదుల బయట ఒకటి, కింద ఒకటి. చలికాలం మొదలవకముందే మెకానిక్‌తో మంటా, పొగ గొట్టం చూపించమనండి.

మీ బొమ్మలు రెండూ ఫోటో తీసి పంపండి, అబ్బాయికి కాదు, కోడలికి. బర్నర్ చీలికల దగ్గర ఎర్ర పెన్నుతో బాణం గీసి, "గాలి ఎక్కణ్ణుంచి రావాలి?" అని మీ చేత్తో రాసి పంపండి.